ఊఁ కొట్టేవాళ్ళు

మా అమ్మమ్మ కథ మొదలుపెట్టే ముందు ఒక మాట తీసుకునేది. "ఊఁ కొడతావా? కొడితేనే చెబుతా." వేసవి రాత్రి, వాకిట్లో నులక మంచాలు, పైన చుక్కలు. ఆవిడ ఒక ముక్క చెప్పి ఆగేది. మేం ఊఁ అంటే గాని రెండో ముక్క వచ్చేది కాదు. నిద్ర ముంచుకొచ్చి మా ఊఁ ఆగిపోతే కథా అక్కడే ఆగిపోయేది. మర్నాడు పొద్దున్నే లేచి "తర్వాత ఏమైంది అమ్మమ్మా" అని అడిగితే, "నువ్వు ఊఁ కొట్టలేదుగా, ఆ పిల్ల ఇంకా చెట్టు కిందే కూర్చునుంది" అనేది. పాపం ఆ పిల్ల రాత్రంతా అడివిలో ఒక్కతే ఉండిపోయిందని, నా నిద్ర వల్లే ఉండిపోయిందని, పళ్ళు తోముకుంటూ దిగులుపడేదాన్ని.

నలభై ఏళ్ళ తర్వాత ఆ చెట్టు కింది పిల్ల మళ్ళీ గుర్తొచ్చింది. గన్నవరం పక్కన ఒక కాలనీలో మా కాలేజీ పిల్లలు వీధి నాటకం ఆడిన సాయంత్రం.

నేను తెలుగు పాఠాలు చెబుతాను. నాటకమంటే ప్రాణం కనక రిహార్సల్స్‌కి పిల్లలు నన్ను పిలుస్తారు. ఆ ఏడాది పదకొండు మంది జట్టు కట్టారు. పదో తరగతి కాగానే ఆడపిల్లని బడి మాన్పించి పెళ్ళి చేసెయ్యడం మీద అరగంట నాటకం రాసుకున్నారు. అవి మినుము పీకే రోజులు. చేలల్లోంచి ఆడవాళ్ళు ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతుంది కనక ఆ వేళకే మొదలుపెట్టాలనుకున్నాం. పాలకేంద్రం ముందు ముగ్గుపిండితో పెద్ద గుండ్రం గీశారు. అందరూ నల్ల చొక్కాలు తొడుక్కుని నడుముకి ఎర్ర చున్నీలు బిగించారు. డప్పు మోగేసరికి ముందు పిల్లలు, వాళ్ళ వెనక చంకన పిల్లలతో తల్లులు, చివరికి బీడీ ఆర్పకుండానే మగవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

తండ్రి వేషం వేసింది ఒక అమ్మాయి. కాటుకతో మీసం దిద్దుకుంది. అది చూస్తుంటే బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీ కథ తలపుకొచ్చింది. విశ్వనాథ సత్యనారాయణగారు అక్కడ పాఠాలు చెప్పే రోజుల్లో నందమూరి తారకరామారావు అనే విద్యార్థికి ఆడవేషం ఇచ్చారు. అతను మీసం తీయనన్నాడు. మీసంతోనే నాగమ్మగా రంగమెక్కాడు. కాలేజీ అంతా 'మీసాల నాగమ్మ' అని పిలిచింది. అప్పట్లో కాలేజీ రంగం మీద ఆడపిల్ల కనిపించడం అరుదు. ఆమె కష్టాన్ని కూడా మగపిల్లవాడే నటించాలి. ఇప్పుడు ఆమె వచ్చి, తన వేషమూ తన తండ్రి వేషమూ రెండూ తనే కట్టుకుంటోంది. ఎనభై ఏళ్ళలో మన కాలేజీ నాటకం నడిచిన దూరం ఇదని నాకు అనిపిస్తుంది, చిన్న దూరమేం కాదు.

గన్నవరంలో వీధి నాటకం ఆడేవాళ్ళకి మరో ఊళ్ళో లేని చిక్కొకటి ఉంది. ఇటు ఏలూరు కాలువ, అటు హైవే, పక్కనే రన్‌వే. విమానం కిందికి దిగుతుంటే ఎంత గొంతున్న నటుడి మాటైనా వినపడదు. మొదట్లో పిల్లలు దాన్ని మించి అరవబోయి గొంతు పోగొట్టుకున్నారు. తర్వాత వాళ్ళే ఒక పద్ధతి కనిపెట్టారు. మోత వినపడగానే ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండాలి. మోత తగ్గాక ఆగిన మాట దగ్గర్నుంచే అందుకోవాలి. ఆ సాయంత్రం కూతురి వేషం వేసిన పిల్ల "నాన్నా, నేను..." అన్న చోట విమానం వచ్చింది. అందరూ ఒక్కసారి పైకి చూసి మళ్ళీ ఆ పిల్ల వైపు చూశారు. అది అలాగే చెయ్యి చాచి నిలబడి ఉంది. "చదువుకుంటా" అన్న మాట ఆ నిశ్శబ్దం వెనకాల వచ్చింది. అంత బరువుగా ఆ మాట రిహార్సల్లో ఎన్నడూ పలకలేదు.

నాటకం అయిపోయింది. చప్పట్లు కొట్టారు, ఫొటో తీసుకున్నాం. సర్పంచిగారింటి నుంచి టీ వచ్చింది. అందరూ బస్సెక్కుతున్నారు. రెండు జడలకి ఎర్ర రిబ్బన్లు, బడి యూనిఫాం, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కూతురి వేషం వేసిన అమ్మాయి చున్నీ పట్టుకుని ఏదో చెబుతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. మా అమ్మాయి ఆ చిన్నదాని బుగ్గ నిమిరి "బాగా చదువుకో తల్లీ" అని వచ్చేసింది.

బస్సు హైవే ఎక్కాక ఏడుపు మొదలుపెట్టింది. "మేడమ్, ఆ పాపకి మొన్న చూపులయ్యాయట. మీ నాటకంలో అక్క తర్వాత ఏమైంది అని అడిగింది. తన కథ చెప్పబోయింది. నేను బస్సెక్కేశాను."

చెట్టు కింద పిల్ల అలాగే కూర్చునుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాటకం మీద నాకున్న నమ్మకం మీదే అనుమానం వచ్చింది. మనం వెళ్ళి, వాళ్ళ వాకిట్లో నిలబడి, వాళ్ళ కథ వాళ్ళకే చెప్పి, వాళ్ళ నోట్లో మాట తిరిగేలోపు బస్సెక్కి వచ్చేస్తే, ఆ నాటకం ఎవరి కోసం ఆడినట్టు?

అలమారలోంచి పాత పుస్తకాలు తీశాను. విద్యార్థులూ నాటకమూ సంఘమూ అన్న మాట మన దగ్గర కొత్తదేం కాదు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే మేష్టారి చేతుల మీదుగా, ఆయన శిష్యుల వేషాలతో. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు 'వ్యవహార ధర్మబోధిని' రాసి తన విద్యార్థులచేత ఆడించారు. వకీళ్ళ అన్యాయాల మీద, జనం మాట్లాడుకునే భాషలో రాశారు. జనం దాన్ని ప్లీడరు నాటకం అన్నారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16ని మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంతవరకు మేం ప్రతి ఏటా సభలో చెప్పుకునేదే. ఆ రాత్రి నాకు కొత్తగా కనిపించింది ఆ తర్వాతి ఏడాది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరు ఊరంతా వెలి వేస్తామని కూర్చున్న వేళ ఆ పెళ్ళికి అండగా నిలబడ్డవాళ్ళలో విద్యార్థులున్నారు. రంగం మీద వేషం కట్టినప్పుడు చప్పట్లు వస్తాయి. పెళ్ళిపందిట్లో నిలబడ్డందుకు ఇంట్లో చీవాట్లే వచ్చి ఉంటాయి. ఆయన శిష్యులు రెండు చోట్లా ఉన్నారు. వీరేశలింగంగారు వాళ్ళకి నాటకం నేర్పి ఊరుకుని ఉంటే ఇవాళ మనం ఆయన్ని ఒక నాటకకర్తగానే తలుచుకునేవాళ్ళం.

కృష్ణా జిల్లాకి నాటకంతో సంఘాన్ని కదపడం ఇంకా బాగా తెలుసు. గన్నవరం నుంచి 1955లో, 1962లో, మళ్ళీ 1978లో శాసనసభకు వెళ్ళిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారి సైకిల్ గురించి చెప్పే పెద్దవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ కనిపిస్తారు. 1943 నుంచి ఆ పార్టీ అండతో నడిచిన ప్రజానాట్యమండలి నాటక దళాలు ఈ పల్లెల్లోనే తిరిగాయి. వైద్యం చదివిన గరికపాటి రాజారావు ఆ దళాలకు నాటకం నేర్పాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'ముందడుగు', 'మా భూమి' ఊరూరా ఆడాయి. 'మా భూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకాన్ని చూసి ఒక ప్రభుత్వం భయపడిందంటే ఆ నాటకం వెనక ఊళ్ళో రైతు సంఘం ఉండబట్టే. దళం పక్క ఊరికి వెళ్ళిపోయినా సంఘం ఉండిపోయేది. తెర దించాక ఎవరితో మాట్లాడాలో చూసినవాళ్ళకి తెలిసేది.

ఆ రోజుల్లో నాటకంతో సమానంగా, ఒక్కో ఊళ్ళో నాటకాన్ని మించి, జనాన్ని కూర్చోబెట్టింది బుర్రకథ. షేక్ నాజర్ కథ చెబుతుంటే జనం తెల్లవార్లూ కదిలేవారు కాదని విన్నాను. బుర్రకథలో నాకు చాలా ఇష్టమైంది కథకుడు కాదు, వంతలు. తంబుర భుజాన వేసుకుని, అందెలు మోగిస్తూ, అడుగు వేస్తూ కథకుడు పాడతాడు. అటొకరు ఇటొకరు గుమ్మెటలు పట్టుకుని వంత పాడతారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. "తందాన తాన" అంటారు. "అలాగా!" అంటారు. "అప్పుడేమైంది గురూ?" అని అడుగుతారు. ఒక్కోసారి ఎదురు తిరిగి "అదేం న్యాయం?" అని నిలదీస్తారు. వాళ్ళు లేకపోతే బుర్రకథ లేదు, అది పాట అవుతుంది. మా అమ్మమ్మ మా చేత వేయించింది వంత వేషమే.

మరి మా పిల్లల నాటకంలో వంతలెక్కడ?

ఈ ప్రశ్నకి నాకు దొరికిన గట్టి జవాబు నెల్లూరు జిల్లాది. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊళ్ళని కదిలించడానికి కళాజాతలు బయల్దేరాయి. పాటలు, చిన్న చిన్న నాటికలు, డప్పులతో ఊరూరా తిరిగాయి. చదువు మాకెందుకన్న ఆడవాళ్ళు ఆ నాటికలు చూసి రాత్రి బడికి రావడానికి ఒప్పుకున్నారు. కళాజాత ఆ రాత్రే మరో ఊరికి వెళ్ళిపోయింది. ఉండిపోయింది వాలంటీరు. కూలి చేసి అలిసిపోయి వచ్చినవాళ్ళ పక్కన దీపం వెలుగులో కూర్చుని వేలు పట్టి అక్షరాలు దిద్దించిన వాలంటీరు. వాళ్ళు చదివిన వాచకంలో సారా చుట్టూ అల్లిన సీతమ్మ కథ ఒక పాఠం. ఆ పాఠం కూడబలుక్కుని చదువుతుంటే ఆడవాళ్ళు ఇది మా కథేనన్నారు. పాఠం పక్కన పెట్టి ఒక్కొక్కరే తమ కథ చెప్పడం మొదలుపెట్టారు. నా మొగుడూ అంతే అని ఒకరు, నా కొడుకూ అంతే అని ఒకరు.

1992లో దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వాళ్ళ ముందు నిలబడ్డ రోశమ్మ పేరు ఊళ్ళు దాటి వినిపించింది. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యమూ నిషేధించారు. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు, ఆ గాయం వేరే. నా మనసు పట్టుకున్నది ఆ రాత్రి బడిని. పాఠం చెప్పాల్సినవాళ్ళు పాఠం ఆపి వినకపోయి ఉంటే? "ఈ ముచ్చట్లు తర్వాత, ముందు ఈ పేజీ అయిపోనివ్వండి" అని ఉంటే? ఆ రాత్రి ఊఁ కొట్టిన వాలంటీర్ల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. రోశమ్మగారి పేరు పక్కన వాళ్ళ పేర్లు కూడా ఉండాల్సిందని నా కోరిక.

మర్నాడు క్లాసులో ఈ సంగతంతా పిల్లలకి చెప్పాను. కూతురి వేషం వేసిన పిల్ల లేచి, "ఆదివారం మళ్ళీ వెళ్దాం మేడమ్" అంది. "నాటకం లేకుండా" అంది.

ప్రతి ఆదివారం కాలనీ పిల్లల దగ్గరికి వెళ్ళడం అలా మొదలైంది. దీన్ని ఇంగ్లీషులో మెంటరింగ్ అంటారని పిల్లలు ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టారు. తెలుగులో ఏమంటారని నన్నడిగారు. మార్గదర్శకత్వమని రాయబోయి ఆగాను. కాలనీలో ఆ పిల్లలు మా వాళ్ళని ఏమని పిలుస్తున్నారు? అక్కా, అన్నయ్యా అని. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. మన భాషలో ఆ పనికి వేరే పేరు లేకపోవడానికి కారణం, ఆ పని ఎప్పుడూ అక్కలే చేస్తూ రావడం కాబోలు.

మొదటి నెల బాగా జరగలేదు. మా పిల్లలు డిగ్రీ చదువుతున్నారు. మాటకారులు. వెళ్ళగానే ఉపన్యాసం మొదలుపెట్టేవాళ్ళు. లక్ష్యం పెట్టుకోవాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి, మొబైల్ చూడకూడదు. మొదటి ఆదివారం పాతిక మంది పిల్లలొచ్చారు. నాలుగో ఆదివారానికి ఆరుగురు మిగిలారు. ఎర్ర రిబ్బన్ల పిల్ల ఆ ఆరుగురిలో ఉంది గాని, గోడకి ఆనుకుని కూర్చుని ఒక్క మాటా మాట్లాడేది కాదు.

అప్పుడు మేమంతా కాలేజీ మర్రిచెట్టు కింద కూర్చుని ఒక అభ్యాసం చేశాం. ఇద్దరిద్దరు కూర్చోవాలి. ఒకరు పది నిమిషాలు తన ఇంటి సంగతి ఏదైనా చెప్పాలి. రెండోవాళ్ళు ఊఁ, ఆఁ, తర్వాత అన్న మూడు మాటలు తప్ప ఏమీ అనకూడదు. సలహా చెప్పకూడదు, మా ఇంట్లోనూ అంతే అని తన కథ ఎత్తుకోకూడదు. ఇంతకంటే కష్టమైన రిహార్సల్ మేమెన్నడూ చెయ్యలేదు. మూడో నిమిషానికే ఎవరికో ఒకరికి నోరు దురద పెట్టేది. పదో నిమిషానికి ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఒక అబ్బాయి అన్న మాట నేను మర్చిపోలేను. "మేడమ్, నేనింతసేపు మాట్లాడితే ఎవరూ అడ్డురాకపోవడం ఇదే మొదటిసారి."

ఆ తర్వాత కాలనీలో ఆదివారాలు మారాయి. లెక్కలు చెప్పడం ఒక వంక. అసలు పని లెక్కల నోట్సు మీద తల వంచుకుని ఉన్నప్పుడు జరిగేది. కళ్ళలోకి చూస్తూ చెప్పలేని మాటలు పక్కపక్కన కూర్చుని గుణకారం చేస్తుంటే బయటికి వస్తాయి. ఎర్ర రిబ్బన్ల పిల్ల కూడా అలాగే ఒక రోజు త్రిభుజం గీస్తూ చెప్పిందట, సంబంధం మేనత్త కొడుకుదని, వేసవిలో ముహూర్తం పెడతారని.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. వినడం ఒక్కటే చాలదు. ఆ పిల్ల "ఎవరికీ చెప్పొద్దక్కా" అంది. మా పిల్ల మాటిచ్చింది. మూడు రోజులు తిండి తినలేదు. నా దగ్గరికొచ్చింది. ప్రాణానికో బతుక్కో ముప్పున్న మాటని గుప్పిట్లో దాచుకోవడం స్నేహం కాదని ఆ రోజు ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. 2006 నాటి చట్టం ప్రకారం ఆడపిల్లకి 18, మగపిల్లవాడికి 21 నిండాలి. 1098కి ఫోన్ చెయ్యొచ్చు. అయితే ముందు ఆ పిల్లకే చెప్పాం, నీ మాట ఇక మా ఒక్కరి దగ్గరే ఉంచుకోలేమమ్మా అని. తర్వాత అంగన్‌వాడీ టీచరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అదే ఊరి మనిషి, ఆ పిల్ల చిన్నప్పుడు ఆవిడ దగ్గరే ఆడుకుంది. పోలీసులు, కేసులు అన్న మాట ఎత్తకుండా ఆవిడా మేమూ ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నాం.

నాటకంలో మేం తండ్రిని ఎలా చూపించామో ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు తలుచుకుని తల వంచుకున్నాను. మా నాటకంలో తండ్రి తాగొచ్చి అరుస్తాడు, కట్నం డబ్బు లెక్కపెట్టుకుంటాడు. ఇక్కడ ఎదురుగా కూర్చున్నాయన నిమ్మకాయ మజ్జిగ ఇచ్చి, మంచం వాల్చి, చాలాసేపు నేల చూసి, చివరికి అన్న మాట ఇది: "నాకు మాత్రం ఇష్టమామ్మా. ఆడపిల్ల. పొద్దుపోయాక ఇంటికి చేరేదాకా గుమ్మంలో నిలబడి ఉంటా. ఇంకా రెండేళ్ళు కాలేజీ అంటే రోజూ అలా నిలబడాలి." ఆయన్ని పీడించింది భయం. ఆ భయాన్ని మేం నాటకంలో పెట్టలేదు. చూసేవాళ్ళలో తండ్రులు కూడా ఉంటారని, వాళ్ళని అందరి ముందూ దోషిగా నిలబెడితే వాళ్ళు ఇంకా బిగుసుకుపోతారని మాకు తట్టలేదు.

నాటకం తిరగరాశాం. ఈసారి ముగింపు రాయలేదు. తండ్రి గుమ్మంలో నిలబడి ఉంటాడు, కూతురు రాదు, పొద్దు పోతుంటుంది. అక్కడ డప్పు ఆగుతుంది. కథ చెప్పే పిల్ల జనం వైపు తిరిగి, "ఇప్పుడేం చెయ్యమంటారు?" అని అడుగుతుంది. ఇలాంటి పద్ధతిని బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో పెరూ దేశంలో పనిచేస్తున్నప్పుడు పట్టుకున్నాడు. మొగుడి చేతిలో మోసపోయిన ఒకావిడ కథ ఆడుతూ ఆయన జనం సలహాలు అడిగాడు. చూస్తున్నవాళ్ళలో ఒకావిడ సలహా చెప్పింది. నటులు ఎన్నిసార్లు చేసి చూపినా ఆవిడకి నచ్చలేదు, నేను చెప్పింది అది కాదంది. అయితే మీరే వచ్చి చూపించండమ్మా అన్నాడాయన. ఆవిడ వచ్చి చూపించింది. అక్కణ్ణుంచి చూసేవాళ్ళే ఆటలోకి వచ్చే నాటకం పుట్టింది. పిల్లలకి ఈ కథ చెబితే, "మన వంతలే కదా మేడమ్" అన్నారు. నిజమే.

మా కాలనీలో మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక వరసలోంచి కొంగు దోపుకుని ఒకావిడ ముగ్గు గీత దాటి లోపలికొచ్చింది. తండ్రి వేషం వేసిన పిల్ల పక్కన నిలబడింది. ఊరి పెద్దలున్న వైపు తిరిగి అంది: "నా కూతురికి బస్సు పాసుంది. బస్సే లేదు. అయిదింటికి కాలేజీ వదిలితే ఏడింటిదాకా రోడ్డు మీద నిలబడాలి. ఈయన గుమ్మంలో నిలబడ్డాడంటే మీరంతా నవ్వుతారు గాని, బస్సు గురించి ఒక్కరూ అడగరేం?"

మేం పెళ్ళి మీద నాటకం రాశాం. ఊరు బస్సు గురించి మాట్లాడింది. ఆ రాత్రే సంతకాలు పెట్టి అర్జీ రాశారు. బస్సు ఇంకా రాలేదు. ఇద్దరు ఆటోవాళ్ళు, ఒకరు ఆ కాలనీ పిల్లల మేనమామే, సాయంత్రం అయిదున్నరకి హైవే మీద ఆగి ఆడపిల్లల్ని ఎక్కించుకుని రావడానికి ఒప్పుకున్నారు. నెలకింత అని తల్లులు కలిసి ఇస్తున్నారు. మా నాటకం వల్ల జరిగింది ఇదని గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. చేసింది ఆవిడ. ఆవిడ మాట్లాడేదాకా ఆగడం మాత్రం మా పిల్లలు నేర్చుకున్నారు.

అన్నీ ఇలా కుదరలేదు. నాలుగో ఆదివారానికి మిగిలిన ఆ ఆరుగురిలో ఒక పిల్ల తల్లిదండ్రులతో పాటు ఇటుక బట్టీలకి వెళ్ళిపోయింది. ఏ జిల్లాయో కూడా సరిగ్గా తెలియలేదు. ఆ పిల్ల లెక్కల పుస్తకం మా అబ్బాయి ఒకతని దగ్గర ఉండిపోయింది. అతను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "వస్తే ఇవ్వండి మేడమ్" అన్నాడు. సొరుగులో ఉంది.

కాలేజీల్లో సేవ అనగానే మనకి ఎన్.ఎస్.ఎస్. గుర్తొస్తుంది. 1969లో గాంధీజీ శతజయంతి ఏడాది 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. నేనూ చదువుకునే రోజుల్లో ఆ క్యాంపుల్లో మట్టి మోసినదాన్నే, పల్లెలో రాత్రి పడుకోవడం నాకు నేర్పింది అదే. దాని మీద గౌరవం ఉంది కనకే ఒక మాట అనాలనిపిస్తుంది. ఏడు రోజులు ఒక ఊళ్ళో ఉండి వెళ్ళడం కంటే, ఏడాది పొడుగునా ఆదివారం రెండేసి గంటలు అదే ఊరికి, అదే అరుగు మీదికి వెళ్ళడం ఊరికి ఎక్కువ అందుతుంది. మేలుకుని ఉండే గంటల లెక్క రెండిట్లోనూ దగ్గర దగ్గరే. రెండో దానికి బ్యానరు కట్టడానికి, ఫొటో తియ్యడానికి చోటు తక్కువ. వర్షం వచ్చినా వెళ్ళాలి, పరీక్షలున్నా వెళ్ళాలి. ఒక్క ఆదివారం మానేస్తే పై వారం ఒక పిల్ల ముఖం తిప్పుకుని కూర్చుంటుంది. ఆ ముఖం తిప్పుకోవడమే మా పిల్లలకి దక్కిన పెద్ద పతకమని నేననుకుంటాను. రాకపోతే కోపం వచ్చేంత చుట్టరికం కలిసిందన్నమాట.

వినే అక్కకి కొన్ని సంగతులు తెలిసి కూడా ఉండాలి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఆదాయ ధ్రువపత్రం ఎక్కడిస్తారు, హాస్టల్ సీటు ఎలా దొరుకుతుంది. పదో తరగతి మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరొచ్చని, ఆరేళ్ళు అక్కడే ఉండి ఇంజనీరింగ్ పూర్తి చెయ్యొచ్చని, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి మార్కులు కొన్ని కలుపుతారని, 2008 నుంచి ఆ సంస్థ నడుస్తోందని, ఇంత దగ్గర్లో ఉండి కూడా ఆ కాలనీలో చాలామందికి తెలియదు. నూజివీడు అంటే మామిడిపళ్ళే గుర్తొస్తాయి. గుమ్మంలో నిలబడే ఆ తండ్రికి ఈ మాట చెప్పినప్పుడు ఆయన రెండుసార్లు అడిగాడు. "అంటే రోజూ రానక్కర్లేదా? అక్కడే ఉండొచ్చా?" ఆయన భయానికి అది జవాబు. చట్టం చదివి వినిపించినప్పుడు కదలని మనిషి ఆ మాటకి కదిలాడు. వేసవి ముహూర్తం వాయిదా పడింది. రద్దయిందని నేననడం లేదు. ఆ ఇంటికి మా రాకపోకలు ఆగలేదు.

మొన్న సంక్రాంతికి ముందు ఆదివారం అదే పాలకేంద్రం ముందు మళ్ళీ నాటకం ఆడారు. పాత జట్టులో సగం మంది కాలేజీ వదిలి వెళ్ళిపోయారు. కొత్త పిల్లలొచ్చారు. ముగ్గు గుండ్రం గీసింది మాత్రం కాలనీ పిల్లలే. ఎర్ర రిబ్బన్లు ఇప్పుడు లేవు, ఒకటే జడ. పదో తరగతి పరీక్షలకి ఇంకా రెండు నెలలుంది. డప్పు తనకే ఇమ్మని పట్టుబట్టింది. మెడలో వేసుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. తండ్రి చివరి వరసలో, ఆటో పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అరుగు మీద ఒక ముసలావిడ, ఆ పిల్ల నాయనమ్మేనని తర్వాత తెలిసింది, కాళ్ళు చాపుకుని కూర్చుంది. చూపు ఆనదు, చెవులు బాగానే పనిచేస్తాయి. కథ చెప్పే పిల్ల గుండ్రం మధ్యకి వచ్చి, "ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండేది. ఒక రోజు ఆ పిల్ల..." అనేసరికి విజయవాడ వైపు నుంచి విమానం వచ్చింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. డప్పు మీద ఎత్తిన పుల్ల ఎత్తినట్టే ఉంది. తల మీదుగా లైట్లు వెళ్ళిపోయాయి. మోత కేసరపల్లి దాటి తగ్గిపోయింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు.

"ఊఁ," అంది అరుగు మీంచి ముసలావిడ. "తర్వాత?"